అనుమకొండ నుంచి ఓరుగల్లు దాకా ఒక్క పగలు

మావారు ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తారు. 2014 జూన్ నుంచి ఆయన చేతి మీదుగా నడిచే ప్రతి ఉత్తరం మీదా కాకతీయ కళాతోరణం, దాని మధ్యలో చార్మినారు ఉన్న రాజముద్ర ఉంటోంది. ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర ఆయన, “రోజూ ఆ తోరణం నా కళ్ళ ముందే ఉంటుంది గానీ, అసలు తోరణాన్ని ఏడో తరగతిలో బడి పిల్లలతో వెళ్ళి చూసిందే. అప్పుడు మాస్టారు వరసలో నిలబెట్టి పది నిమిషాల్లో బస్సెక్కించేశారు” అన్నారు. ఆయన సొంతూరు జనగామ దగ్గర. ఓరుగల్లుకు అంత దగ్గర పుట్టిన మనిషి ఆ మాట అనడం నాకు బాధ కలిగించింది.

నా వైపు నుంచి చూస్తే కారణం వేరే ఉంది. మా పుట్టింటివారిది చీరాల ప్రాంతం. మోటుపల్లి మాకు దగ్గర. చిన్నప్పుడు అక్కడి వీరభద్రస్వామి గుడికి వెళ్ళినప్పుడు మా తాతయ్య ఒక శాసనస్తంభాన్ని చూపించి, గణపతిదేవ చక్రవర్తి ఓడల వర్తకులకు ఇచ్చిన అభయశాసనం అదేనని చెప్పేవారు. పూర్వపు రాజులు తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకునంతా బలవంతంగా లాగేసుకునేవారనీ, తాము మాత్రం న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోమనీ ఆ రాజు 1244లో రాయి మీద చెక్కించాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చినవాడి కష్టం తెలిసిన రాజు మాట అది. ఆ మాట ఇచ్చిన రాజు ఏలిన నగరానికి రైలులో రెండు, రెండున్నర గంటల దూరంలో ఇన్నేళ్ళుగా కాపురం ఉంటూ ఒక్కసారైనా వెళ్ళి చూడకపోవడం నాకు మనసులో ముల్లులా ఉండేది.

అందువల్ల డిసెంబరులో వచ్చిన రెండో శనివారం నాడు బయలుదేరాము. ఒక్క రోజులో కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప, లక్నవరం అన్నీ చూపిస్తామనే కార్ల వారు చాలామందే ఉన్నారు. వారితో వెళితే ఒక్కొక్క చోట ఎంతసేపు నిలబడగలమో లెక్క వేసుకుని, ఆ ఆలోచన మానుకున్నాము. రామప్పకు వేరే రోజు కేటాయించవలసిందే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిని, 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన ఆ గుడిని, సాయంత్రం చీకటి పడే వేళకు హడావిడిగా చుట్టి రావడం నాకు ఇష్టం లేదు. కాకతీయుల రాజధాని ముందు అనుమకొండ, అంటే నేటి హనుమకొండ, తరువాత ఓరుగల్లు. రాజధాని మారిన వరసలోనే మేమూ చూడాలనీ, కాజీపేటలో దిగి, హనుమకొండ చూసుకుని, సాయంత్రానికి కోట చేరి, వరంగల్ స్టేషనులో తిరుగు రైలెక్కాలనీ నిశ్చయించుకున్నాము.

సికింద్రాబాదు నుంచి ఉదయపు రైలెక్కి, భువనగిరి వచ్చేసరికి నేను కిటికీ వైపు జరిగాను. పట్టాల పక్కనే, ఎవరో తెచ్చి బోర్లించి పెట్టినట్టు, ఒకే రాయిగా ఉన్న ఆ గుట్ట మీద కోట గోడలు కనిపిస్తాయి. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీదే ఆ ఊరు త్రిభువనగిరి అయి, భువనగిరి అయింది. అక్కడి నుంచి ఆలేరు, జనగామ దాకా పొలాల మధ్య గుండ్లూ గుట్టలూ వస్తూనే ఉంటాయి. ఒరు అంటే ఒక, కల్లు అంటే రాయి, ఓరుగల్లు అంటే ఒక్క రాయి, సంస్కృతంలో ఏకశిలానగరం అని చదువుకోవడం వేరు. ఆ రాళ్ళ మధ్య నుంచి రెండు గంటలు ప్రయాణం చేసి ఆ పేరు దగ్గరికి చేరడం వేరు. జనగామ దాటుతుండగా మావారు దక్షిణం వైపు చేయి చూపించి, “పాలకురికి అటే. సోమనాథుడు మా తాలూకా వాడే” అన్నారు. సొంతూరి సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతులో వచ్చే సంతోషం నాకు బాగా తెలిసినదే.

కాజీపేటలో దిగి, ఆటోలో హనుమకొండ చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. వేయిస్తంభాల గుడి ఊరి నడిబొడ్డున, బట్టల దుకాణాలకూ టిఫిన్ సెంటర్లకూ మధ్య ఉంటుంది. రోడ్డు మీద నిలబడినవారికి అంత పాత కట్టడం ఇంత దగ్గరలో ఉందని అనిపించదు. ఆవరణలోని శాసనం దగ్గర మేము చాలాసేపు నిలబడ్డాము. శక సంవత్సరం 1084, అంటే 1163 నాటిది. కల్యాణి చాళుక్యులకు సామంతులుగా ఉన్న కాకతీయులు తమంత తాముగా నిలబడిన సంగతిని, రుద్రదేవుడు ఎవరెవరిని గెలిచాడో చెబుతూ, లోకానికి ప్రకటించిన రాయి అది. భాష సంస్కృతమే అయినా లిపి మన తెలుగు లిపికి తల్లి. వేలు తాకకుండా అక్షరాల వెంట చూపు నడిపిస్తే గుండ్రని ‘ర’, ‘మ’ వంటివి అక్కడక్కడా పట్టుబడతాయి. ఒక ‘శ్రీ’ నాకు స్పష్టంగా కనిపించినప్పుడు ఒళ్ళు ఝల్లుమంది. ఎనిమిదిన్నర శతాబ్దాల కిందటి చేతిరాతలో ఒక్క అక్షరమైనా గుర్తుపట్టగలగడం చిన్న విషయం కాదు.

గుడి నక్షత్రాకారపు అరుగు మీద ఉంటుంది. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుడులు ఉండటం వల్ల దీనిని త్రికూటాలయం అంటారు. వాటికి ఎదురుగా మండపం, ఆ రెంటికీ నడుమ నల్లరాతి నంది. స్తంభాలు వెయ్యి ఉన్నాయా లేవా అని లెక్కపెట్టేవారు అక్కడ ఎప్పుడూ కనిపిస్తారు. నేను మాత్రం ఒక్క స్తంభం దగ్గరే ఆగిపోయాను. కుమ్మరి సారె మీద తిప్పి తీసినట్టుగా దానికి గుండ్రని వలయాలు ఉన్నాయి. ఒక వలయానికీ మరొక వలయానికీ మధ్య కాగితం అంచు పట్టేంత సన్నని గాడి ఉంది. పక్కన కూర్చుని చేయి దగ్గరగా పెడితే నా గాజుల ఎరుపు ఆ నల్లరాతిలో, నీటిలో కనిపించినట్టు, కదులుతూ కనిపించింది. నూనె రాయలేదు, రంగు వేయలేదు. రాయిని రాయితో నూరి నూరి తెచ్చిన నునుపు అది. ఎంతమంది ఎన్ని నెలలు ఆ ఒక్క స్తంభం దగ్గర కూర్చున్నారో, సాయంత్రం ఇంటికి వెళ్ళినప్పుడు వారి అరచేతులు ఎలా ఉండేవో అని ఆలోచిస్తూ ఉండిపోయాను.

ఎదుటి మండపాన్ని పురావస్తు శాఖవారు పూర్తిగా విప్పి, ప్రతి రాతికీ గుర్తు వేసి, ఏళ్ళ తరబడి శ్రమించి మళ్ళీ నిలబెట్టారు. కాకతీయుల నాటి స్థపతులు ఈ బరువులను ఇసుక నింపిన పునాదుల మీద నిలిపారు. నేల కదిలినా, కుంగినా ఆ కదలికను ఇసుక తనలో సర్దుకుంటుందని వారి ఆలోచన. పాత రాయి విరిగిన చోట కొత్తది చేర్చిన జాగాలు కొంచెం లేత రంగులో తెలుస్తూనే ఉన్నాయి. అలా తెలియడమే మంచిదని నా అభిప్రాయం. ఏది పాతదో, ఏది ఈ తరం చేతి పనో చూసేవారికి దాచిపెట్టకూడదు.

మధ్యాహ్నం దగ్గరలో ఉన్న ఒక మెస్సులో పప్పు, బీరకాయ కూర, చారు, గడ్డపెరుగుతో భోజనం చేశాము. ఇంటి నుంచి తెచ్చిన సర్వపిండి ముక్కలను మావారు సాయంత్రానికి దాచమన్నారు. అక్కడి నుంచి భద్రకాళి గుడికి వెళ్ళి దర్శనం చేసుకుని, చెరువు గట్టు మీద కాసేపు నిలబడి, కోట వైపు బయలుదేరాము. గుడి కట్టిన చోటల్లా పక్కన చెరువు తవ్వించిన వంశం అది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద ఈనాటికీ వరి పండుతోంది.

కోటకు తీసుకువెళ్ళిన ఆటో అతను దారిలోనే, “అరగంటలో చూసేయవచ్చు, నేను ఆగుతాను, మళ్ళీ స్టేషనుకు దింపుతాను” అని మొదలుపెట్టాడు. మేము సాయంత్రం దాకా ఉంటామంటే అతనికి కోపం వచ్చింది. “రాళ్ళే కదమ్మా ఉన్నది” అని, ముందు ఒప్పుకున్న దానికంటే యాభై రూపాయలు ఎక్కువ అడిగి తీసుకుని, కోట గోడకు ఇవతలే దింపి వెళ్ళిపోయాడు. ఆ మాట నాకు చాలాసేపు గుచ్చుకుంది. కానీ గోడకు ఇవతల దిగడం వల్ల ఒక మేలు జరిగింది. కోటలోకి మేము కాలినడకన ప్రవేశించగలిగాము.

ఓరుగల్లుకు ఏడు కోటలు ఉండేవని జనం చెప్పుకుంటారు. నేడు తేటగా కనిపించేవి లోపలి రాతికోట, దాని చుట్టూ మట్టికోట. రాతికోట వలయం అడ్డంగా సుమారు 1.2 కిలోమీటర్లు, మట్టికోట దానికి రెట్టింపు. మట్టికోట ఇప్పుడు చెట్లు మొలిచిన పొడవాటి కట్టలా ఉంది. తెలియనివారు చెరువు కట్ట అనుకుంటారు. అల్లాఉద్దీన్ ఖిల్జీ పంపగా మాలిక్ కాఫూర్ 1309–10లో ఈ నగరాన్ని ముట్టడించినప్పటి సంగతులను రాసిన అమీర్ ఖుస్రో, రాళ్ళు విసిరే యంత్రాలతో కొట్టినా ఆ రాళ్ళు వెనక్కి ఎగిరిపడేంత గట్టిది ఈ మట్టిగోడ అని మెచ్చుకున్నాడు. శత్రువు పక్షాన ఉన్న కవి చేత మెప్పు పొందిన గోడ అది. నేను వంగి ఆ ఎర్రమట్టిని చేతిలోకి తీసుకోబోతే గోటికి గీత పడిందే తప్ప మట్టి ఊడి రాలేదు.

రాతికోటను గణపతిదేవుడు కట్టించగా, ఆయన కుమార్తె రుద్రమదేవి దాని ఎత్తు పెంచి మట్టికోటను పటిష్ఠం చేయించింది. సున్నం లేకుండా, ఒక బండకు ఇంకొక బండను చెక్కి అతికిన గోడ. కోటగుమ్మం దగ్గర దారి తిన్నగా లోపలికి పోదు. ఒక వైపు తిరిగి, గోడల మధ్య నడిచి, మళ్ళీ ఇంకో వైపు తిరిగితే గానీ ఊరు కనిపించదు. ఏనుగులతో తలుపులు బద్దలు కొట్టించాలనుకునేవాడికి పరుగు తీసే జాగా లేకుండా చేసిన ఏర్పాటు అది. మేము నడుస్తుండగానే వెనుక నుంచి ఒక బడి బస్సు వచ్చింది. ఆ మలుపు దగ్గర డ్రైవరు బండిని పూర్తిగా నెమ్మది చేసి, హారను కొట్టి, ఎదురుగా వచ్చే ట్రాక్టరుకు దారి ఇచ్చి, అప్పుడు తిప్పుకున్నాడు. లోపలికి వచ్చేవాడు ఎవరైనా వేగం తగ్గించుకుని రావాలని ఏడు వందల యాభై ఏళ్ళ కిందట ఆ గుమ్మం కట్టినవారు పెట్టిన నియమం ఇంకా అమలులోనే ఉంది.

గోడకు లోపలి వైపున మెట్లు ఉన్నాయి. ఒక చోట కాదు, గోడ పొడవునా ఉన్నాయి. ఎక్కడ కావలి పిలుపు వినిపిస్తే అక్కడే సైనికులు పైకి ఎక్కేందుకు వీలుగా అలా కట్టారు. మెట్లు నిట్టనిలువుగా ఉండటం వల్ల మావారు ముందు ఎక్కి చేయి అందించారు. పై నుంచి చూస్తే లోపల పత్తి చేలు, కోసిన వరి మళ్ళు, పెంకుటిళ్ళు, కొత్త డాబాలు, ఒక మసీదు మినారు, రెండు మూడు గుడులు, దూరంగా ఏకశిలా గుట్ట కనిపించాయి. ఖిలా వరంగల్ నేటికీ మనుషులు కాపురం ఉంటున్న ఊరు. ఒకామె గోడ పక్కన మిరపకాయలు ఎండబోస్తూ, మమ్మల్ని చూసి, “పైన గాలి బాగుంటది, పైలం” అని హెచ్చరించింది. ఆ గోడ మీద నాకు రుద్రమదేవి గురించిన ఆలోచనే ఎక్కువగా వచ్చింది. 1262లో తండ్రి తరువాత పగ్గాలు పట్టి, సామంతుల తిరుగుబాట్లను తట్టుకుని, వయసు మళ్ళాక కూడా ఆమె యుద్ధరంగాన్ని విడిచిపెట్టలేదు. నల్లగొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే సేవకుడు 1289లో వేయించిన శాసనం లేకపోతే ఆమె ఏనాడు శివసాన్నిధ్యం పొందిందో మనకు తెలిసేదే కాదు. ఇంత గోడ కట్టించిన చక్రవర్తిని ఎవరూ మరిచిపోకుండా చూసింది ఒక సేవకుడు తన ఊరిలో నిలబెట్టిన చిన్న రాయి.

తెలుగులో ఈ నగరాన్ని ఒక్క రోజులో చుట్టి వచ్చిన కథ పాతదే ఒకటి ఉంది. క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే స్నేహితులిద్దరు ఓరుగల్లు వీధుల్లో పగలంతా తిరుగుతారు, పూటకూళ్ళ ఇంటిలో ఒక్క రూకకు భోజనం చేస్తారు. ఆ కావ్యం పుట్టేనాటికి కాకతీయ రాజ్యం పోయి చాలా కాలమైంది. అయినా అందులో వీధులు కిటకిటలాడుతూ ఉంటాయి. రాజ్యం పడిపోయినా ఊరు వెంటనే పడిపోదని నాకు ఆ కావ్యం వల్లనే తెలిసింది.

నాలుగు గంటలకు తోరణాల దగ్గరికి చేరాము. టికెట్టు తీసుకుని లోపలికి అడుగు పెట్టగానే మావారు మాట్లాడటం మానేశారు. నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు. ప్రతి తోరణానికీ అటూ ఇటూ నిలువు స్తంభాలు, వాటి నుంచి వాలుగా ముందుకు సాగిన ఆధారాలు, వాటి మీద బరువైన అడ్డదూలం, పైన హంసలు, మాలలు, వేలాడే తామరమొగ్గలు. ఎక్కడా దేవతామూర్తి ముఖ్యంగా కనిపించదు. ఆ నాలుగింటి నడుమ నేలంతా రాళ్ళే. విరిగిన పైకప్పు పలకలు, తల లేని ద్వారపాలకులు, పగిలిన జాలీలు, రాతిలోనే చెక్కిన గంట గొలుసులు. వాటిని పురావస్తు శాఖవారు వరసలుగా పేర్చి ఉంచారు. ఇక్కడ స్వయంభూ శివాలయం ఉండేది. కాకతీయుల కులదైవానికి కట్టిన ఆ మహాలయానికి ఈ నాలుగూ వాకిళ్ళు. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ రెండవసారి దండెత్తి వచ్చి ఓరుగల్లును పట్టుకున్నాడు, ప్రతాపరుద్రుడిని బందీగా ఢిల్లీకి పంపాడు, నగరానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టాడు. దారిలో నర్మదా తీరాన ప్రతాపరుద్రుడు ప్రాణాలు విడిచాడని ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది. గుడిని కూల్చినవారు తోరణాలను మాత్రం ముట్టుకోలేదు. ఆ ఆవరణలో మసీదు కట్టి, ఈ తోరణాలనే దానికి వాకిళ్ళుగా ఉంచుకున్నారని పరిశోధకులు చెబుతారు. ఆ మసీదు కూడా ఇప్పుడు లేదు.

మావారు ఉత్తర తోరణం దగ్గర నిలబడి దక్షిణ తోరణం దాకా అంగలు లెక్కపెట్టుకుంటూ నడిచారు. రెండు వందలకు కాస్త అటూ ఇటూ వచ్చాయి. తరువాత తూర్పు తోరణం కింద నిలబడి నన్ను పిలిచారు. అక్కడి నుంచి చూస్తే దాని చట్రంలో, చివరన, పడమటి తోరణం నిలువునా కనిపిస్తోంది. “చూడు, ముద్రలో తోరణం ఒక్కటే వేశారు. ఒక్కటే చూస్తే అదే ఒక కట్టడం అనిపిస్తుంది. నాలుగూ కలిపి చూస్తేనే గుడి ఎక్కడ ఉండేదో తెలుస్తుంది” అన్నారు. ఇన్నేళ్ళు ఆ ముద్రతో మెలిగిన మనిషి అన్న ఆ మాట నా మనసులో నాటుకుంది. నేను ఆ నడిమి చోటుకు వెళ్ళి, రాళ్ళ మధ్య ఖాళీగా ఉన్న గడ్డి మీద నిలబడి, నాలుగు వైపులా తిరిగి చూశాను. ఎటు తిరిగినా ఎదురుగా వాకిలే ఉంది.

రాళ్ళ వరసలో ఒక పలక దగ్గర ఇద్దరం కూర్చున్నాము. దాని మీద ఒక చిన్న హంస, నా బొటనవేలంత కూడా లేదు, మెడ వెనక్కి తిప్పి తన తోకను తానే చూసుకుంటోంది. తోక ఈకలు తీగలుగా సాగి, ఆకులుగా విచ్చుకుని, పక్క హంస తోకతో పెనవేసుకున్నాయి. కన్ను ఒక్క ఉలి పోటు. పైకప్పు దగ్గర, కింద నిలబడినవారికి కనిపించనంత ఎత్తులో ఉండవలసిన పలక అది. ఎవరూ చూడరని తెలిసి కూడా ఆ శిల్పి ఆ కంటిని వదిలిపెట్టలేదు. గుడి నిలిచి ఉన్నంత కాలం ఆ హంసను ఇంత దగ్గరగా చూసినవాడు ఆ శిల్పి ఒక్కడే అయి ఉంటాడు.

ఖుష్ మహల్ పక్కనే ఉంది. షితాబ్ ఖాన్ మహలు అని కూడా పిలుస్తారు. కింద మందంగా మొదలై పైకి పోయేకొద్దీ లోపలికి వాలిన గోడలు, లోపల వరసగా పెద్ద పెద్ద కమానులు తుగ్లక్‌ల నాటి పద్ధతిని తెలుపుతాయి. దాని మీదికి ఎక్కినవారికి తోరణాలు నాలుగూ ఒకేసారి కనిపిస్తాయి. మేము ఎక్కేసరికి సూర్యుడు పడమటికి దిగుతున్నాడు. తోరణాల నీడలు నేల మీది రాళ్ళ వరసల మీదుగా పొడవుగా సాగి, నడిమి ఖాళీ చోటు దాకా వచ్చాయి. కావలి మనిషి ఈల వేసేదాకా దిగలేదు.

స్టేషనుకు వెళ్ళే ఆటోలో మళ్ళీ అదే కోటగుమ్మం మలుపులు తిరిగి బయటికి వచ్చాము. రైలులో సర్వపిండి తిన్నాము. మెత్తబడినా నువ్వుల రుచి తగ్గలేదు. మావారు సంచిలో నుంచి పాత కార్యాలయపు కవరు ఒకటి తీసి, ముద్ర ఉన్న వైపు కాకుండా వెనుక వైపు తిప్పి, నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు గీశారు. పక్కన అంగల లెక్క రాశారు. నడిమిలో ఒక చిన్న చుక్క పెట్టి, దాని కింద ‘గుడి’ అని రాశారు. ఆ కవరు ఇప్పుడు ఆయన కార్యాలయంలో బల్ల మీది అద్దం కింద ఉంది.